రాత్రయితే ఆగిపోయే గేటు కెమెరా: పొడవాటి వైరు మీద 12 వోల్టులు, తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో డీవీఆర్, అంటే కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె. దాని పక్కన 12 వోల్టుల ఎస్ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును 12 వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లై. అక్కడి నుంచి 70, 80 మీటర్ల అవతల గేటు స్తంభం మీదో, మోటారు షెడ్డు మీదో, కోళ్ల ఫారం చివరో ఒక కెమెరా. ఇంటి చుట్టూ ఉన్న నాలుగు కెమెరాలూ ఏళ్ల తరబడి పేచీ పెట్టవు, ఈ ఒక్కటే ప్రాణం తీస్తుంది. కెమెరా మార్చారు, అడాప్టర్ మార్చారు, అయినా అదే కథ అంటూ వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలివి. కెమెరా గురించే రాసినా, డోర్ లాక్, గార్డెన్ లైటు, వైఫై రేడియో లాంటి తక్కువ వోల్టేజీ వస్తువు ఏదైనా దూరంగా పెడితే ఇదే లెక్క.

పగలంతా బాగుంటుంది. చీకటి పడ్డాక కెమెరా పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. పాడైపోయిందా?

చాలావరకు పాడవదు. చీకట్లో చూడటానికి కెమెరాలో ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) ఎల్ఈడీలు, అంటే కంటికి సరిగా ఆనని వెలుగునిచ్చే చిన్న దీపాలు ఉంటాయి. పగలు అవి ఆరి ఉంటాయి కాబట్టి మామూలు బుల్లెట్ కెమెరా 0.2 ఆంపియర్ల చుట్టుపక్కల లాగుతుంది. చీకటి పడగానే అవి వెలిగి 0.4, 0.5 ఆంపియర్ల దాకా వెళ్తుంది. కరెంట్ రెట్టింపు అయితే వైరులో హరించుకుపోయే వోల్టేజీ కూడా రెట్టింపు అవుతుంది. పగలు 10.8 అందిన చోట రాత్రి 9 అందుతుంది, అది చాలక కెమెరా ఆగిపోతుంది. ఆగగానే ఎల్ఈడీలు ఆరి లోడు తగ్గుతుంది, వోల్టేజీ లేస్తుంది, కెమెరా మళ్లీ స్టార్ట్ అవుతుంది. చీకటిగా ఉందని గమనించి ఎల్ఈడీలు వేస్తుంది, మళ్లీ పడిపోతుంది. తెల్లవార్లూ ఇదే తంతు. రాత్రి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు స్తంభం కింద నిలబడితే, కెమెరా లోపల ఫిల్టరు పక్కకు జరిగే ‘టిక్’ చప్పుడు వినబడుతుంది. వెంటనే ఎల్ఈడీల ఎర్రటి మెరుపు కనిపిస్తుంది, కాసేపటికే ఆరిపోతుంది. మళ్లీ టిక్. ఈ వరస కనిపిస్తే అనుమానం ముందు వైరు మీదే పెట్టుకోండి.

ఎల్ఈడీల వెలుగు కంటికి ఆనకపోతే ఫోన్ సెల్ఫీ కెమెరాలోంచి చూడండి. చాలా ఫోన్లలో తెల్లగానో ఊదాగానో కనిపిస్తుంది.

కెమెరా మంచిదో కాదో తేల్చుకోవడం తేలిక. స్తంభం మీద నుంచి దించి, ఎస్ఎంపీఎస్ దగ్గరికే తెచ్చి అర మీటరు వైరుతో కలపండి. ముఖం మీద నల్లగుడ్డ కప్పండి. ఎల్ఈడీలు వెలిగి పావుగంట నిలబడితే కెమెరాకు ఏమీ కాలేదు.

కెమెరా దగ్గర మీటరు పెడితే 12 వోల్టులు నిక్కచ్చిగా చూపిస్తోంది. మరి వైరును ఎలా అనుమానిస్తాం?

పిన్ను ఊడదీసి కొలిచారా? అందరూ చేసేది అదే, దారి తప్పేదీ అక్కడే. కెమెరా కలపనప్పుడు వైరులో కరెంట్ పారదు. కరెంట్ పారకపోతే వైరు ఎంత సన్నదైనా, జాయింట్ ఎంత కుళ్లినా వోల్టేజీ పడదు. ఒక్క పోగు మీద నిలబడి ఉన్న వైరు కూడా మీటరుకు 12 చూపిస్తుంది. కాలువ నిండుగా ఉన్నప్పుడు కాదు, అందరూ తూములు ఎత్తినప్పుడే కదా చివరి ఆయకట్టు సంగతి తెలిసేది. కెమెరా నడుస్తుండగా, అదీ ఎల్ఈడీలు వెలుగుతుండగా కొలిచిందే కొలత.

అయితే రాత్రి నిచ్చెనెక్కి కొలవాలా?

అక్కర్లేదు, పగలే చీకటి తెప్పించవచ్చు. కెమెరా ముఖాన్ని మందపాటి గుడ్డతో కప్పేస్తే అది రాత్రి అనుకుని ఎల్ఈడీలు వేస్తుంది. ఇద్దరుంటే పని సులువు. ఒకరు స్తంభం దగ్గర, ఒకరు ఇంట్లో.

మీటరును డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టండి. కెమెరా తోకకు ఉండే డీసీ పిన్ను స్క్రూ టైపుదైతే, స్క్రూల నెత్తి మీదే మీటరు వైర్లు ఆనించవచ్చు. అంటే పిన్ను కెమెరాకు గుచ్చే ఉంటుంది, లోడు తెగదు. గుడ్డ కప్పక ముందు ఎంత, కప్పాక ఎంత, రెండూ కాగితం మీద రాయండి. అదే సమయంలో ఇంట్లో ఎస్ఎంపీఎస్ టెర్మినల్ దగ్గర ఎంత ఉందో రెండో మనిషి చూడాలి. అక్కడే 11కు పడిపోతుంటే తప్పు వైరుది కాదు, ఎస్ఎంపీఎస్‌ది. అక్కడ 12 గట్టిగా నిలబడి, ఇక్కడ 9 ఉంటే మధ్యలో 3 వోల్టులు దారిలో పోతున్నాయి.

కెమెరా వోల్టేజీ చాలక అసలు స్టార్టే కాకపోతే, దాని బదులు 12 వోల్టుల 5 వాట్ల బండి బల్బు కలిపి కొలవండి. అది దాదాపు 0.4 ఆంపియర్లు లాగుతుంది, రాత్రి కెమెరాకు సరిజోడు. కారు బ్రేకు లైటు 21 వాట్ల బల్బు మాత్రం వద్దు. అది 1.75 ఆంపియర్లు లాగి మంచి వైరును కూడా చెడ్డదిగా చూపిస్తుంది.

ఎంత అందితే చాలు?

కెమెరా లేబుల్ మీద, లేకపోతే దాని డేటా షీట్‌లో రాసి ఉంటుంది. 12 వోల్టులు, ప్లస్ ఆర్ మైనస్ 25 శాతం అని ఉంటే 9 దాకా తట్టుకుంటుంది. 10 శాతమే అని ఉంటే 10.8 కంటే తగ్గకూడదు. ఏమీ రాసి లేకపోతే రాత్రి లోడు మీద 11 అందేలా చూసుకోవడం మంచిది. అంచు మీద నిలబెట్టిన కెమెరా ఇవాళ పనిచేస్తుంది, జాయింట్ కాస్త నల్లబడ్డాక ఆగిపోతుంది.

వైరులో ఎంత పోతుందో ముందే లెక్క కట్టొచ్చా?

కట్టొచ్చు, ఫోన్ కాలిక్యులేటర్ చాలు. రాగి వైరైతే 0.036ను మీటర్లలో దూరంతో గుణించండి, దాన్ని ఆంపియర్లతో గుణించండి, వచ్చినదాన్ని వైరు మందంతో, అంటే స్క్వేర్ ఎంఎంతో భాగించండి. దూరం ఒకవైపుదే తీసుకోవాలి. ప్లస్‌లో వెళ్లి మైనస్‌లో తిరిగొచ్చే రెండు దారులూ ఆ 0.036లోనే కలిసి ఉన్నాయి.

80 మీటర్లు, అర ఆంపియర్, 0.5 స్క్వేర్ ఎంఎం వైరు అనుకుందాం. 2.9 వోల్టులు దారిలోనే పోతాయి, కెమెరాకు 9.1 మిగులుతుంది. అదే 1 స్క్వేర్ ఎంఎం అయితే 1.4 పోతుంది. 1.5 అయితే ఒక వోల్టు లోపే. 2.5 స్క్వేర్ ఎంఎం లాగితే 0.6. ఇక సీసీటీవీ షాపుల్లో 90 మీటర్ల కాయిల్‌గా అమ్మే 3+1 కేబుల్ (మూడు సన్న వైర్లు, ఒక వీడియో కోయాక్స్ కలిసి ఉండేది) సంగతి. అందులో పవర్ కోర్లు చాలా రకాల్లో అర స్క్వేర్ ఎంఎం కూడా ఉండవు. కోరు 0.2 ఉంటే ఇదే లెక్కలో 7 వోల్టులు పోతాయి, అంటే కెమెరా లేవనే లేవదు. 20, 30 మీటర్లకు ఆ కేబుల్ భేషుగ్గా పనిచేస్తుంది. 90 మీటర్ల కాయిల్ ఉంది కదా అని 90 మీటర్లూ లాగితేనే తంటా.

ఈ లెక్క కొంచెం ఉదారంగానే ఉంటుంది. వోల్టేజీ తగ్గేకొద్దీ కెమెరా లోపలి సర్క్యూట్ తనకు కావలసిన వాట్లు రాబట్టుకోవడానికి ఎక్కువ కరెంట్ లాగుతుంది, దాంతో ఇంకాస్త పడుతుంది. అందుకే 9 దగ్గర నిలబడాల్సింది ఒక్కోసారి నిలబడకుండా కుప్పకూలుతుంది.

లెక్క ప్రకారం 1 వోల్టు పోవాలి. కొలిస్తే 3 పోతోంది. ఎందుకు?

ఈ ప్రశ్న దాకా వచ్చారంటే సగం పని అయిపోయింది. లెక్కా కొలతా కలిస్తే జబ్బు వైరు మందానిది, వైరు మార్చాలి, లేదా కింద చెప్పిన వేరే దారి పట్టాలి. లెక్క కంటే కొలత బాగా ఎక్కువ వస్తే మందంలో తప్పు లేదు, ఎక్కడో ఒక జాయింట్ తినేస్తోంది. ఈ తేడా చూడకుండా కొత్త కాయిల్ కొనకండి.

చెడ్డ జాయింట్‌ను పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కెమెరాను గుడ్డ కప్పి ఆన్‌లోనే ఉంచండి. మీటరును డీసీ 2 వోల్టుల రేంజికి దించండి. ప్లస్ వైరు జాయింట్ దగ్గర టేపు విప్పి, మీటరు కొన ఒకటి జాయింట్‌కు ఇటు రాగి మీద, రెండోది అటు రాగి మీద పెట్టండి. ఒకే వైరుకు రెండు వైపులా అన్నమాట, ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య కాదు. మంచి జాయింట్ అయితే సున్నా పాయింట్ సున్నా సున్నా ఏదో చూపిస్తుంది. 0.3 చూపించిందా, దొంగ దొరికాడు. అర ఆంపియర్ మీద 0.3 వోల్టులంటే 0.6 ఓములు. 0.5 స్క్వేర్ ఎంఎం సింగిల్ వైరు 16 మీటర్లకు ఉండే రెసిస్టెన్స్ ఆ ఒక్క మెలికలో కూర్చుంది. మైనస్ జాయింట్‌ను కూడా అలాగే చూడాలి, దాన్ని చాలామంది వదిలేస్తారు.

విప్పి చూస్తే ఎక్కువగా కనిపించేది పచ్చటి పొడి. టేపు చుట్టిన మెలికలోకి తేమ దిగితే రాగి తుప్పు పడుతుంది. డీసీలో ప్లస్ వైపు రాగి ఇంకా తొందరగా కరిగిపోతుంది, ఎందుకంటే తడిలో కరెంట్ ఒకే దిక్కుకు పారుతుంది. భీమవరం, కైకలూరు వైపు చెరువు గట్ల మీద పెట్టిన కెమెరాలకూ, సముద్రపు గాలి తగిలే ఊళ్లలోనూ ఇది మరీ ఎక్కువ. పచ్చబడిన భాగాన్ని గీకి మళ్లీ మెలేయడం దండగ. మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి, కొత్తగా మెలేసి, సోల్డర్ పెట్టి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, వాన పడని డబ్బాలో పెట్టండి. సోల్డరింగ్ చేయలేకపోతే స్క్రూ కనెక్టర్ వాడినా పర్లేదు, డబ్బా మాత్రం తప్పనిసరి.

5 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ తీసి 10 ఆంపియర్లది పెడితే?

ఏమీ మారదు. ఆంపియర్లంటే అది ఇవ్వగలిగిన గరిష్ఠం, తోసేది కాదు. పాతది లోడు మీద 12 నిలబెట్టలేకపోతుంటేనే మార్చాలి.

ఎస్ఎంపీఎస్‌లో టెర్మినల్ పక్కన చిన్న స్క్రూ ఉంది. దాన్ని తిప్పి 13.5కు పెంచమని ఎలక్ట్రీషియన్ అన్నాడు.

పెంచొచ్చు, కానీ రెండు సంగతులు చూసుకుని. ఆ ఎస్ఎంపీఎస్ మీదే ఇంటి గోడకు ఉన్న దగ్గరి కెమెరాలూ ఉంటాయి, వాటికి 13.5 ఉన్నదున్నట్టు అందుతుంది. 25 శాతం తట్టుకునేవైతే 15 దాకా భయం లేదు, 10 శాతం రకమైతే 13.2 దాటకూడదు. రెండోది, మీటరు పెట్టుకునే తిప్పాలి, అంచనాతో తిప్పే స్క్రూ కాదది. దీంతో ఒక వోల్టు, ఒకటిన్నర కలిసొస్తుంది. 3 వోల్టుల లోటును మాత్రం ఇది పూడ్చదు. కుళ్లిన జాయింట్ ఉన్నచోట స్క్రూ తిప్పి సర్దేయడం నాకు నచ్చదు. జాయింట్ ఇంకా పాడవుతుంది, రెండు నెలలకు మళ్లీ పిలుస్తారు.

రాగి వైరు అని చెప్పి అమ్మారు. నమ్మొచ్చా?

కత్తి మొనతో పోగును గీకి చూడండి. పైన రాగి రంగు పోయి లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం మీద రాగి పూత. దీని రెసిస్టెన్స్ అసలు రాగికి ఒకటిన్నర రెట్ల పైమాటే. పై లెక్కలో 1 వోల్టు అనుకున్నది 1.5, 1.6 అవుతుంది. పైగా నాలుగుసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది, స్క్రూ కింద నలిగి వదులవుతుంది. దీనికి తిరకాసు ఇంకోటి ఉంది. పైన తెల్లగా ఉండి గీకితే రాగి బయటపడేది తగరం పూసిన రాగి, అది మంచి సరుకే. రంగు చూసి తిరస్కరించకండి, గీకాకే మాట్లాడండి.

నెట్‌వర్క్ కేబుల్‌లో నాలుగు జతలుంటాయి కదా, ఖాళీ జతల్లో 12 వోల్టులు పంపొచ్చా?

చిన్న దూరాలకు సరే. మార్కెట్లో జతగా దొరికే పీవోఈ (నెట్‌వర్క్ కేబుల్ మీదుగానే పవర్ పంపే పద్ధతి) స్ప్లిటర్ తోకలు చేసేది అదే, నీలం జతలో ప్లస్, గోధుమ రంగు జతలో మైనస్. కానీ క్యాట్5ఈ పోగు మందం 0.2 స్క్వేర్ ఎంఎం మాత్రమే. రెండేసి పోగులు కలిపినా 100 మీటర్లకు రానూపోనూ 8.4 ఓములు వస్తుంది, అర ఆంపియర్ మీద 4.2 వోల్టులు హాంఫట్. 30 మీటర్లు దాటితే ఆ తోకల జోలికి వెళ్లకండి.

ఐపీ కెమెరా, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచేది అయితే అసలైన పీవోఈ స్విచ్ తీసుకోండి. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణంలో స్విచ్ 44 నుంచి 57 వోల్టుల మధ్య పంపుతుంది. స్విచ్ దగ్గర 15.4 వాట్లు ఇస్తే, 100 మీటర్ల అవతల 12.95 వాట్లు అందుతాయని ప్రమాణంలోనే రాసిపెట్టారు. అంటే వైరు తినే రెండున్నర వాట్లను ముందే లెక్కలో వేసుకున్నారు. వోల్టేజీ ఎక్కువ కాబట్టి కరెంట్ తక్కువ, కరెంట్ తక్కువ కాబట్టి నష్టమూ తక్కువే. ఇక్కడ కూడా కేబుల్ పూర్తి రాగిదే ఉండాలి.

వైరు గోడలోంచి, నేలలోంచి పోయింది. కొత్తది లాగడం కుదరదు. ఇంకేం చేయాలి?

పీవోఈ కిటుకునే మీ పాత వైరు మీద వాడుకోవచ్చు. ఇంట్లో 24 వోల్టుల ఎస్ఎంపీఎస్ పెట్టి, కెమెరా దగ్గర దాన్ని 12కు దించే బక్ కన్వర్టర్ పెట్టండి. 80 మీటర్ల 0.5 స్క్వేర్ ఎంఎం వైరు, 6 వాట్ల కెమెరా అనుకుంటే ఇప్పుడు వైరులో 0.3 ఆంపియర్ల పైచిలుకే పారుతుంది. దారిలో 2 వోల్టులు పోయినా అక్కడికి 22 చేరుతుంది, బక్ దాన్ని 12కు నిలబెడుతుంది. పగలైనా రాత్రైనా కెమెరాకు అదే 12.

ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఎక్కువగా దొరికేది ఎల్ఎం2596 చిప్ ఉన్న చిన్న నీలం బోర్డు. మామూలు రకం 40 వోల్టుల దాకానే తట్టుకుంటుంది, కాబట్టి 24కు సరిపోతుంది, 48కి వాడకూడదు. కెమెరా కలపక ముందే 24 ఇచ్చి, మీటరు చూస్తూ స్క్రూ తిప్పి 12కు సెట్ చేయండి. కొత్త బోర్డు పెట్టెలోంచి తీసినప్పుడు ఎంతకు సెట్ అయి ఉందో దేవుడికే తెలుసు. ఆ తర్వాత స్క్రూ మీద ఒక చుక్క గోళ్ల రంగు వేస్తే కదలదు. బోర్డును వాన పడని డబ్బాలో పెట్టండి. రెండు కొసల్లోనూ ‘24 వోల్టులు’ అని చీటీ అంటించండి. రేపు ఇంకెవరో వచ్చి 12 అనుకుని ఆ వైరును నేరుగా కొత్త కెమెరాకు గుచ్చితే అది మాడిపోతుంది.

నేరుగా 230 వోల్టులే అక్కడికి లాగి, కెమెరా పక్కన అడాప్టర్ పెడితే?

మోటారు షెడ్డులో సప్లై ఎలాగూ ఉంటే అదే తేలికైన దారి. వీడియో కేబుల్ ఒక్కటే ఇంటి నుంచి వస్తుంది. గేటు దాకా కొత్తగా 230 లాగాలంటే మాత్రం సరైన కేబుల్, సరైన పైపు, ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే సప్లై ఆపేసే బ్రేకర్) ఉండాలి, పని ఎలక్ట్రీషియనే చేయాలి. 3+1 కేబుల్ కోర్లలో గానీ, దాన్ని లాగిన పైపులోనే గానీ 230 పంపడం ప్రాణాలతో చెలగాటం. పొలంలో ఒక్కోసారి చూస్తుంటాం, చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది.

ఒకే వైరు మీద రెండో కెమెరా తగిలించొచ్చా?

పై లెక్కలో ఆంపియర్లు రెట్టింపు చేసి చూడండి, జవాబు అదే చెబుతుంది. 80 మీటర్ల మీద మామూలుగా కుదరదు.

కెమెరా ఆగదు కానీ బొమ్మలో అడ్డంగా గీతలు పాకుతుంటాయి.

కోయాక్స్ కేబుల్ మీద నడిచే కెమెరాల్లో వీడియో షీల్డూ (వీడియో వైరు చుట్టూ ఉండే లోహపు అల్లిక), పవర్ మైనస్సూ లోపల ఒకటే. మైనస్ వైరు సన్నబడినా, జాయింట్‌లో తెగినా కెమెరా ఆగకపోవచ్చు. కరెంట్ వీడియో షీల్డ్ మీదుగా తిరిగి వచ్చేస్తుంది. అప్పుడు ఆ షీల్డ్‌లో పడే వోల్టేజీ బొమ్మలోకి చొరబడి గీతలవుతుంది. పరీక్ష ఇది: ఎస్ఎంపీఎస్ దగ్గర ఆ కెమెరా మైనస్ వైరును ఒక్క నిమిషం ఊడదీయండి. కెమెరా ఇంకా నడుస్తూనే ఉండి, గీతల్లోనూ ఏ మార్పూ లేకపోతే, ఆ మైనస్ ముందే తెగి ఉంది. చాలామంది దీనికి డీవీఆర్ మార్చేస్తారు. దగ్గర్లో మోటారు స్టార్టర్ ఉండి, అది నడిచినప్పుడే గీతలు వస్తుంటే మాత్రం కేబుల్‌ను మోటారు వైర్లకు దూరంగా జరపాలి.

డోర్ లాక్ ‘టక్’ మంటుంది కానీ తలుపు తెరుచుకోదు. ఎల్ఈడీ స్ట్రిప్ మొదట్లో తెల్లగా, చివర మసకగా ఉంటుంది. ఇవీ అదేనా?

అదే. లాక్ కాయిల్ క్షణకాలమే అయినా ఒక ఆంపియర్ లేదా ఎక్కువ లాగుతుంది, ఆ క్షణంలోనే వోల్టేజీ పడిపోతుంది. మామూలు మీటరు అంత చురుగ్గా చూపించలేదు, కాబట్టి లెక్కే నమ్ముకోవాలి. లాక్ పక్కనే పవర్ పెట్టి, బటన్ వైరును దూరం లాగడం మేలు, బటన్‌లో పారేది చాలా తక్కువ. స్ట్రిప్ విషయంలో లోపలి రాగి పట్టీలే సన్నగా ఉంటాయి. 5 మీటర్లు దాటితే రెండో కొసకు కూడా పవర్ ఇవ్వండి.

మా ఊళ్లో సాయంత్రం కరెంటే లో-వోల్టేజీ. దానివల్ల కావచ్చా?

ఎస్ఎంపీఎస్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 అని ఉంటే 170కి పడినా 12 ఇస్తుంది. చవక రకాలు కొన్ని అంత కిందకు దిగితే తడబడతాయి. లోడు మీద ఎస్ఎంపీఎస్ టెర్మినల్ కొలత ముందే తీసుకున్నారు కాబట్టి దీని జవాబు మీ కాగితం మీదే ఉంది. కాకపోతే ఆ కొలత సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య ఇంకోసారి తీయండి.

పిడుగు పడ్డాక కెమెరా చచ్చిపోయింది. ఎస్ఎంపీఎస్ బాగానే ఉంది. వైరు కూడా మార్చాలా?

మార్చనక్కర్లేకపోవచ్చు. ముందు 5 వాట్ల బల్బు పెట్టి కొలిచి, లెక్కతో పోల్చండి. రెండూ కలిస్తే వైరు బాగానే ఉంది. డీవీఆర్‌లో ఆ కెమెరా ఛానల్ మాత్రం వేరే మంచి కెమెరాతో పరీక్షించండి, చాలాసార్లు కెమెరాతో పాటు అదీ పోతుంది. కొత్త కెమెరా పెట్టేటప్పుడు వీడియోకూ పవర్‌కూ కలిపి వచ్చే సర్జ్ ప్రొటెక్టర్‌ను రెండు కొసల్లోనూ పెట్టి, దాని ఎర్త్ వైరును నిజమైన ఎర్త్‌కు కలపండి. గాల్లో వేలాడదీసిన ఎర్త్ వైరుతో పెడితే అది పెట్టనట్టే.